ఫినాయిల్ శాలువా

జనవరి 9

ముక్కుతో జీతం తెచ్చుకుంటున్న మనవరాలికి,

నువ్వు కిందటి ఉత్తరంలో రాసింది తప్పు. నేను పంపిన శాలువాకి నా పెట్టె వాసన లేదు. "పార్సిల్ విప్పగానే నీ పెట్టె వాసన గుప్పుమంది అమ్మమ్మా, దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నా" అని రాశావు. దిండు కింద పెట్టుకోవడం వరకు నిజమై ఉండొచ్చు. ఆ శాలువా మీద సగం సీసా ఫినాయిల్ ఒలికింది. ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. "బాగా ఎండకి ఆరేసి గాని ముట్టుకోకు" అని చీటీ రాసి పార్సిల్‌లో పెట్టాననుకున్నాను. ఆ చీటీ నిన్న నా కళ్ళజోడు డబ్బాలో దొరికింది.

పార్సిల్ తూచిన గుమాస్తా ముక్కు మూసుకుని, "ఇందులో ఏముంది మామ్మగారూ, ఆసుపత్రా?" అని అడిగాడు. వీధిలో పోయేవాడికి తెలిసిన వాసన, సబ్బుల ఫ్యాక్టరీలో వాసనలు చూసే ఉద్యోగం చేస్తున్న నీకు తెలియలేదు. పైగా కడుపుతో ఉన్నావు. కడుపుతో ఉన్నవాళ్ళకి పక్కింట్లో పాలు పొంగినా తెలుస్తుందంటారు.

కాబట్టి ప్రశ్నలు. జవాబులు వరసగా రాయి, కథలు వద్దు. ముక్కు ఎన్నాళ్ళుగా పనిచేయడం లేదు? వంగితే నుదురు బరువెక్కుతోందా? చెంప ఎముక నొక్కితే నొప్పా? జలుబు నీళ్ళలా ఉందా, పచ్చగా చిక్కగా ఉందా? జ్వరముందా? నేను ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, వైద్యం చదవలేదు. కాని తప్పు లెక్క ఎదురుగా పెడితే తప్పని చెప్పగలను.

ఈలోపు ఆవిరి పట్టు. ఫోను చేయకు. నాకు అందులో గాలి తప్ప ఏమీ వినిపించదని తెలుసుగా.

నేను దివ్యంగా ఉన్నాను. ఈమధ్య రొట్టె పాలలో నానబెట్టుకుని తింటున్నాను. ఇంత రుచిగా ఉంటుందని ఇన్నేళ్ళూ తెలియనే లేదు. కింది అంతస్తులో పళ్ళ డాక్టరు కొత్త బోర్డు కట్టాడు. నా దగ్గర భిన్నాలు నేర్చుకోకుండానే పెద్దవాడైనవాడు. సగానికీ పావుకీ తేడా తెలియనివాడి చేతికి జనం నోళ్ళెలా అప్పగిస్తారో!

జవాబు వెంటనే రావాలి.

చెవులు పోయినా ముక్కు మిగిలిన,
అమ్మమ్మ


జనవరి 13

డిటెక్టివ్ అమ్మమ్మకి,

దొరికిపోయాను. నెల రోజులుగా నాకు ఏ వాసనా తెలియడం లేదు. నీ మనసు నొచ్చుకుంటుందని పెట్టె వాసన అని రాశాను. పెట్టె వాసనే అయి ఉంటుందనుకున్నాను మరి! నువ్వు ఫినాయిల్ పంపిస్తావని ఎవరు కలగన్నారు?

నీ ఉత్తరం చదివి మా ఆయన్ని నిలదీశాను. ఆయన రెండు వారాలుగా ముందు గదిలో బల్ల మీద పడుకుంటున్నాడు. ముక్కు దిబ్బడతో గురక పెడుతున్నానని పారిపోయాడనుకుని నేను అలిగి మాట్లాడటం మానేశాను. పాపం, ఆయన అసలే మాట్లాడడు కాబట్టి నేను మానేసిన సంగతి ఆయనకి తెలియలేదు. "మరి చెప్పొచ్చుగా?" అంటే, "అమ్మమ్మగారు పంపింది కదా, నువ్వు ముద్దు పెట్టుకుంటున్నావు కదా, మీ ఇంటి వాసన అదేనేమో అనుకున్నా" అన్నాడు. బస్సుల డిపోలో ఇంజన్ల మధ్య బతికే మనిషికే కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే నీ శాలువా మహిమ ఏమిటో చూసుకో.

నీ ప్రశ్నలకి: వంగితే నుదుట్లో ఇనపగుండు దొర్లుతుంది. చెంప నొప్పే. జలుబు పచ్చగానే ఉంది. జ్వరం కాదు, కొంచెం వెచ్చన అంతే. డాక్టరమ్మ మొదట్లోనే చెప్పింది, గర్భిణులకి ముక్కు దిబ్బడ మామూలేనని. అందుకే మళ్ళీ అడగలేదు. మందులంటావా, బిడ్డ కడుపులో ఉండగా నేనేదీ మింగను. నువ్వే కదా అన్నావు, అమ్మని మోసిన తొమ్మిది నెలలూ ఒక్క మాత్ర ముట్టలేదని! నీ మనవరాలినే నేనూ.

నా బెంగ వేరే. ఫ్యాక్టరీలో పసిపిల్లల సబ్బుకి కొత్త వాసన ఎంచే పని నాకే ఇచ్చారు. సీసా ముక్కు దగ్గర పెట్టుకుని, పక్కనున్న అమ్మాయి మొహం చూసి తల ఊపుతున్నాను. ఆమె నవ్వితే "బాగుంది", ముడుచుకుంటే "ఘాటెక్కువ". ఈ ముక్కు తిరిగి రాకపోతే నన్ను అట్టపెట్టెలు అంటించే గదిలో పడేస్తారు. ఎవరికీ చెప్పకు. అమ్మకి అసలు చెప్పకు, ఏడుస్తుంది.

ఆవిరి రోజూ పడుతున్నా, ఒట్టు.

నీ ముక్కులేని,
మనవరాలు

తా.క. కుడి కన్ను కొంచెం వాచింది. దోమ కుట్టినట్టుంది. పక్కకి చూస్తే నొప్పి. అదే పోతుందిలే.


జనవరి 16

ఒసే పిల్లా,

దోమ కాదు.

మన ఇంట్లో అందరూ అసలు సంగతి తా.క.లోనే రాస్తారు కాబట్టి నేను ఉత్తరాలు కింది నుంచి పైకి చదువుతాను. అదే ఈ రోజు పనికొచ్చింది. దోమ కుడితే దురద పెడుతుంది. కన్ను తిప్పితే నొప్పి పెట్టదు.

నీ ఉత్తరం పట్టుకుని మెట్లు దిగి పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. లోపల ఎవరో నోరు తెరుచుకుని కూర్చున్నారు. కూర్చోనీ అన్నాను. వాడు ఆ ఒక్క వాక్యం చదివి మొహం మార్చాడు. నాకు వినపడేలా అరిచి చెప్పాడు. ముక్కు పక్కన ఉండే సైనస్ గదుల్లో పట్టిన చీము పలచటి గోడ దాటి కంటి గూట్లోకి పాకుతుందట. చూపు పోవచ్చు. అక్కడితో ఆగకపోతే తలలోకే వెళ్ళొచ్చు. రేపటిదాకా ఆగే పని కాదు, ఇవాళే ఆసుపత్రికి అన్నాడు. అక్కడే నిలబడి నీ మొగుడి డిపోకి ఫోను చేయించాను. కాబట్టి ఈ ఉత్తరం నువ్వు ఆసుపత్రి మంచం మీద చదువుతూ ఉండాలి. ఇంట్లో కూర్చుని చదువుతుంటే, ఇక్కడే ఆపి చెప్పులేసుకో.

చదవడం ఆపలేదు కదూ? సరే, విను. నేను ఒక్క మాత్ర ముట్టలేదన్నది నిజమే. ఎందుకంటే నాకు ఏ జబ్బూ చేయలేదు. వాన పడని ఊళ్ళో ఉండి, గొడుగు లేకుండా బతికానని గొప్పలు చెప్పుకున్నట్టు అది. నీ నెత్తిన కుండపోత కురుస్తోంది. ఆవిరి పట్టమన్నాను గాని ఆవిరితోనే సరిపెట్టుకోమనలేదు. గర్భిణులకి ముక్కు దిబ్బడ మామూలేనని డాక్టరమ్మ అన్న రోజున నీకు చెంప నొప్పి లేదు, కన్ను వాపు లేదు. పాత ప్రశ్నకి ఇచ్చిన జవాబు కొత్త ప్రశ్నకి రాస్తే నేను సున్నా వేసేదాన్ని.

వాళ్ళు ఇచ్చే మందు వేయించుకో. ఒక వస్తువు రెండుగా కనిపించినా, రంగు వెలిసినట్టు కనిపించినా, తల పగిలిపోతున్నా వెంటనే నర్సుకి చెప్పు. తా.క. దాకా ఆగకు.

అమ్మమ్మ


జనవరి 18
ఆసుపత్రి, మూడో అంతస్తు

అమ్మమ్మా,

రాత నాది కాదు, మాటలు నావి. నా కుడి కన్ను పూర్తిగా మూసుకుపోయింది, కుడి చేతికి సూది గుచ్చి సెలైన్ పెట్టారు. అందుకని మా మౌనముని రాస్తున్నాడు. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. (రాస్తున్నాను అమ్మమ్మగారూ. నమస్కారం.)

నీ ఫోను వచ్చేసరికి ఈయన బస్సు కింద ఉన్నాడట. ఉన్నవాడు ఉన్నట్టే వచ్చి గ్రీజు చేతులతో నన్ను టాక్సీ ఎక్కించాడు. నా కొత్త గౌను మీద ఇప్పటికీ అయిదు వేళ్ళూ ఉన్నాయి. (కొత్తది కొంటాను.)

ఇక్కడ నాకు ముగ్గురు డాక్టర్లు. ముక్కుకొకరు, కంటికొకరు, కడుపుకొకరు. ముగ్గురూ నా మంచం చుట్టూ నిలబడి మాట్లాడుకుంటుంటే నన్ను పంపకాలు వేసుకుంటున్నట్టుంది. మొదటి రోజు ఇంజెక్షన్ వేస్తామంటే కొంచెం సందేహించాను. (గంటసేపు వద్దంది. నర్సుని గదిలోంచి పొమ్మంది.) ఇది రాయకు అన్నాను. (రాయకు అన్నదీ చెప్పిన మాటే కదా అని రాశాను.)

అప్పుడు కడుపు డాక్టరమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "ఇల్లు తగలబడుతుంటే, లోపల పడుకున్న పసివాడికి నిద్రాభంగమని నీళ్ళు పోయడం మానేస్తామా అమ్మా?" అంది. ఈ మందులు గర్భిణులకి ఏళ్ళ తరబడి ఇస్తున్నవేనట. నా జ్వరం, నా ఒంట్లో చీము, ఇవే బిడ్డకి ఎక్కువ ప్రమాదమట. కన్నా బిడ్డా అని అడిగాను. "అలా ఎంచుకోమని నిన్నెవరూ అడగలేదు, ఇద్దరినీ ఒకే పడవలో తీసుకెళ్తున్నాం" అంది. చేయి చాపాను.

స్కాన్ కూడా అయింది. ఎక్స్-రే కిరణాలు లేకుండా అయస్కాంతంతో తీసేది. ఆ గొట్టంలో పడుకుంటే లోపల ఎవరో రేకులు బాదుతున్నట్టుంది. బిడ్డ మాత్రం ఒకటే తన్నులు. తాళం వేస్తోందనుకుంటా.

మందు ఎక్కిస్తున్నా కంటి పక్కన చీము తగ్గలేదు. రేపు ముక్కులోంచి గొట్టం పంపి తీస్తారు. నాకు భయం లేదు. (నిన్న ఏడ్చింది. కన్ను పోతుందని కాదు. బిడ్డకి ఏమైనా అయితే ఆలస్యం చేసింది తనే కదా అని. నేను దుప్పటి సర్దాను, అంతే. మీరైతే తిట్టేవారు, తనకి నయంగా ఉండేది.)

ఏం రాస్తున్నావు అంతసేపు అని అడిగాను. ఏం లేదు అన్నాడు.

నీ ఒంటికన్ను,
మనవరాలు


జనవరి 19

నా తల్లీ,

నీ నుంచి ఉత్తరం రాలేదు. వచ్చే వేళ కాదని తెలుసు. అయినా పోస్టుమాన్ మీద కోపంగా ఉంది.

నీ మొగుడిది మాటల పొదుపని తెలుసు గాని మరీ ఇంత పిసినారితనమా! నిన్న సాయంత్రం పళ్ళ డాక్టరుకి ఫోను చేసి, "రేపు కన్నుకి ఆపరేషన్" అని పెట్టేశాడట. వాడు అదే మాట ఒక చీటీ మీద రాసి నా తలుపు సందులోంచి లోపలికి తోసి వెళ్ళాడు. కన్ను తీసేస్తారనుకున్నాను. కుర్చీలోంచి లేవలేదు. ఒక కన్నుతో కుట్టుపని చేయొచ్చు, ఒక కన్నుతో పిల్లని పెంచొచ్చు, ఒక కన్నుతో నీ మొగుణ్ణి అదుపులో పెట్టడం మరీ తేలిక. ఇలా నాకు నేనే పాఠం చెప్పుకున్నాను. పొద్దున్న చూస్తే నా ఒళ్ళో మేజోడు ఉంది. చిరుగు లేనిచోట ఇంత మేర కుట్టేశాను. ఇక అందులో కాలు పట్టదు.

తెల్లారగానే కిందికి దిగి వాడి క్లినిక్ తలుపు బాదాను. వాడు నా మొహం చూసి బొమ్మ గీశాడు. ఇది ముక్కు, ఇది గది, ఇది పలచటి గోడ, ఇదిగో ఇక్కడ చీము. కన్ను జోలికి పోరు, ముక్కు దారినే వెళ్ళి దాన్ని బయటికి తీసి గది శుభ్రం చేస్తారు. బిడ్డ బరువు పెద్ద రక్తనాళం మీద పడకుండా నిన్ను కాస్త ఎడమకి ఒరిగించి పడుకోబెడతారట. బిడ్డ గుండె చప్పుడు ముందూ వెనకా చూస్తారట. చక్కటి బొమ్మ. వాడి జన్మలో మొదటిసారి పూర్తి మార్కులు ఇచ్చాను.

"మీ బుగ్గ అలా ఉందేమిటి టీచర్?" అన్నాడు. "నా బుగ్గ సిలబస్‌లో లేదు" అన్నాను.

ఇప్పుడు నిన్ను లోపలికి తీసుకెళ్ళి ఉంటారు. నీకు తిట్లు రాద్దామని కూర్చున్నాను, ఒక్కటీ రావడం లేదు. కనుక ఒక మాట రాస్తాను, దాచుకో, మళ్ళీ రాయను. ఆలస్యం చేశానని నువ్వు కుమిలిపోతూ ఉంటావు, నాకు తెలుసు. బిడ్డ కోసం భయపడి తప్పు చేసినదానివి నువ్వు, బిడ్డని పట్టించుకోక కాదు. ఆ భయాన్ని పారేయకు. పిల్ల పెరిగేటప్పుడు బోలెడు పనికొస్తుంది. కాకపోతే ఈసారి దాన్ని వెంటనే డాక్టరు దగ్గరికి నడిపించు.

మెట్ల మీద ఎవరో పరుగెత్తుతున్నట్టు నేల అదురుతోంది. ఆగు.

పళ్ళ డాక్టరే. మెడలో తువ్వాలుతోనే వచ్చి నా ఎదురుగా నిలబడి రెండు చేతులూ పైకెత్తాడు. చీము తీసేశారట. చూపు ఉందట. రెండు గుండెలూ కొట్టుకుంటున్నాయట.

అసలు సంగతి ఈసారి కూడా చివరికే వచ్చింది. ఉత్తరం మడిచేస్తున్నాను, మడత వంకర పోయింది. వయసు.

అమ్మమ్మ


జనవరి 30

అమ్మమ్మా,

రెండు కళ్ళతో, నా చేత్తో, నా ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. కన్ను ఇంకా కొంచెం ఎర్రగా ఉంది, కాని గోడ మీద గడియారం ఒకటే కనిపిస్తోంది. మాత్రలు ఇంకా ఉన్నాయి, అయిపోయేదాకా వేసుకోవాలి, వేసుకుంటున్నాను. రోజూ ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కుంటున్నాను. కడుపు డాక్టరమ్మ బిడ్డ గుండె వినిపించింది. గుర్రప్పందెంలా ఉంది.

ఇప్పుడు అసలు సంగతి, పైనే రాస్తున్నా చూడు. ఆపరేషన్ తర్వాత నాలుగో రోజు పొద్దున్న వార్డులో నేల తుడిచే ఆమె వచ్చింది. బకెట్ పెట్టింది. నాకు ఏదో తగిలింది. ముక్కు పొడవునా ఘాటుగా. ఫినాయిల్! నేను బావురుమన్నాను. ఆమె కంగారుపడి, "ఏమ్మా, నొప్పా? నర్సుని పిలవనా?" అంది. "వద్దు, ఇంకొంచెం పోయి" అన్నాను. ఆ రోజంతా ఆమె నా మంచం దగ్గరికి రాలేదు.

ఇంటికి రాగానే శాలువా తీసి ముక్కుకి ఆనించుకున్నాను. అమ్మమ్మా! ఇది దిండు కింద పెట్టుకున్నానా నేను! ఆయన రెండు వారాలు బల్ల మీద పడుకున్నందుకు కాదు, ఆ ఇంట్లోనే ఉన్నందుకు దండం పెట్టాను. శాలువా తీసుకెళ్ళి పెరట్లో తీగ మీద ఆరేశాను.

ఫ్యాక్టరీకి వెళ్ళి పెద్దాయనతో నిజం చెప్పేశాను. నేను తల ఊపి పాస్ చేసిన పసిపిల్లల సబ్బు వాసన మళ్ళీ చూపించాడు. తయారీకి వెళ్ళలేదు, మన అదృష్టం. దానికంటే నీ శాలువా నయం. పక్కనున్న అమ్మాయి నవ్వింది ఆ వాసనకి కాదట, నా మొహానికట! నన్ను పెట్టెల గదికి పంపలేదు. ముక్కు పూర్తిగా కుదురుకున్నాక రమ్మన్నాడు.

అందుకని ఇంట్లో కూర్చుని ముక్కుకి సాధన చేయిస్తున్నాను. కాఫీ, అగ్గిపుల్ల, ఆయన డిపో చొక్కా. నిన్న నీ ఉత్తరాలు వాసన చూశాను. మొదటిదానికి ఒట్టి కాగితం వాసన. కాని దోమ ఉత్తరానికి ఒక మూల సన్నగా లవంగ నూనె. ఆపరేషన్ రోజు రాసినదానికైతే కాగితమంతా లవంగ నూనె! నువ్వు లవంగ నూనె తలకి రాసుకోవు. రొట్టె పాలలో నానబెట్టుకుంటున్నావు. బుగ్గ సిలబస్‌లో లేదన్నావు. ఎన్నాళ్ళుగా ఆ పన్ను నొప్పి?

ఇల్లు తగలబడుతుంటే అగ్గి మీద లవంగ నూనె చల్లుతున్నావా? కింది అంతస్తులో డాక్టర్ని పెట్టుకుని! మెట్లు దిగు. భిన్నాలు రాకపోయినా వాడికి పళ్ళు వచ్చు. నువ్వు దిగకపోతే ఆయన చేత వాడికి ఫోను చేయిస్తాను. రెండే ముక్కలు చెబుతాడు, నీకు తెలుసుగా ఎలా ఉంటుందో.

ముక్కు తిరిగొచ్చిన,
మనవరాలు


ఫిబ్రవరి 4

సబ్బుల రాణికి,

నువ్వు రాసింది తప్పు. లవంగ నూనె దోమ ఉత్తరంతో మొదలు కాలేదు. మొదటి ఉత్తరం రాసేటప్పుడు కూడా నా వేళ్ళకి ఉంది. అంటే నీ ముక్కు ఇంకా పూర్తిగా రాలేదన్నమాట. మాత్రలు మధ్యలో ఆపకు, మళ్ళీ చూపించుకోమన్న రోజున వెళ్ళు.

పట్టుకున్నావు కాబట్టి చెబుతున్నా. మెట్లు దిగాను. వాడు నన్ను కుర్చీలో పడుకోబెట్టి దీపం నా మొహం మీదికి లాగి, "నోరు తెరవండి టీచర్" అన్నాడు. వాడికి నేను చెప్పాలనుకున్నవి బోలెడున్నాయి. కాని నోట్లో రెండు పనిముట్లు, ఒక గొట్టం పెడితే ఎవరైనా ఏం చెబుతారు? ఇన్నేళ్ళ తర్వాత నా నోరు మూయించాడు, తెరిపించి మరీ. వాడు ఈ చదువే ఎందుకు చదివాడో నాకప్పుడు అర్థమైంది. పై దవడ పన్ను. ఇంకా ఆలస్యం చేసి ఉంటే ఆ చీము కూడా పైకి, సైనస్ గదిలోకే పోయేదట. "మీ ఇంట్లో అందరికీ ఇదే అలవాటా?" అన్నాడు. పన్ను పీకి చేతిలో పెట్టాడు. నొప్పి తెలియలేదు. బాగా చేశాడని వాడితో అనలేదు, నువ్వూ అనకు.

రొట్టె ఇప్పుడు పాలు లేకుండానే తింటున్నాను. నిజం చెప్పాలంటే అదే అసలు రుచి.

ఇక నీకొక పని. పెరట్లో ఆరేసిన శాలువాని ఇవాళ తిప్పి వెయ్యి, లోపలి వైపుకి కూడా ఎండ తగలాలి. బాగా ఎండాక నువ్వే వాసన చూడు. నీ మొగుణ్ణి అడక్కు, నువ్వు బాధపడతావని పోయిందనే అంటాడు. నీకు ఏ వాసనా తెలియకపోతే సంబరపడకు. ఒక ఉల్లిపాయ కోసి పక్కన పెట్టుకుని అది తెలుస్తోందో లేదో చూసుకో. ఉల్లిపాయ తెలిసి శాలువా తెలియకపోతే, అప్పుడు దాన్ని నాలుగు మడతలు వేసి బిడ్డ బట్టల్లో పెట్టు. ఉల్లిపాయ కూడా తెలియకపోతే చెప్పులేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళు. శాలువా తీగ మీదే ఉండనీ.

ఏ సంగతో ఒక కార్డు మీద రాసి పడెయ్యి. పై వరసలోనే రాయి.

అమ్మమ్మ